తలుపు మూసి అయిదు నిమిషాలు

నవంబర్ 3, ఆదివారం

పుస్తకంలో కుడి పేజీ మీద రోజు లెక్క రాయడం నాకు తొమ్మిదేళ్ల అలవాటు. ఎన్ని లీటర్ల ఫినాయిల్ కలిపాం, ఎన్ని సీసాల యాసిడ్ పోయింది, ఎన్ని బాత్రూంలు కడిగి చూపించాం. ఎడమ పేజీ ఖాళీగా వదిలేస్తాను, సిరా అవతలికి దిగుతుందని. ఈ రోజు నుంచి ఆ ఖాళీ పేజీలో ఇది రాస్తాను. ఎవరూ చదవరు. నా భార్య మరియకు అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. కూతురు మనోజ నర్సింగ్ కాలేజీ హాస్టల్లో ఉంటుంది. ఇంటికి వచ్చినా బాపు లెక్కల పుస్తకం ముట్టదు.

ఈ రోజు చర్చిలో రెండో పాట మధ్యలో మరియ లేచి బయటికి వెళ్లింది. దగ్గు. ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన పాట అది, నాలుగు చరణాలు. అందరూ తలలు తిప్పి చూశారు. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

ఇంటికి వచ్చాక అడిగితే, "సలి," అంది.

నేనూ చలే అనుకుంటున్నాను.

నవంబర్ 5

వెంచర్ కాలనీ. నాలుగు బాత్రూంలు.

ఎప్పటిలాగే నేను వీధిలో ఎక్సెల్ బండి దగ్గర, మరియ లోపల. పరాయి ఇంటి బాత్రూంలోకి మగవాణ్ని ఎవరు రానిస్తారు? అందుకే మొదటి నుంచీ కడిగి చూపించే పని ఆమెది, అమ్మే పని నాది. బండి మీద మైకు వాగుతూనే ఉంటుంది: "ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ పొడీ..." అదీ ఆమె గొంతే. తొమ్మిదేళ్ల కింద ఫోన్లో రికార్డు చేశాను. ఒక్క ఊపిరిలో మూడు సరుకుల పేర్లూ చెబుతుంది.

కొత్తగా దిగిన అరుణ గారి ఇల్లు. బోరు నీళ్ల మరకలు టైల్స్ మీద గట్టిపడ్డాయి. మరియ బ్లీచింగ్ చల్లి, దాని మీద యాసిడ్ పోసి, లోపలి నుంచి గడియ పెట్టుకుంది. పొంగు ఉండగానే రుద్దాలి. తలుపు మూసి అయిదు నిమిషాలు. ఆ నియమం నేను పెట్టిందే. ఘాటు హాల్లోకి వస్తే ఇంటివాళ్లు బెదిరిపోతారు, సరుకు తీసుకోరు.

అరుణ గారు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని గేటు దాకా వచ్చింది.

"అన్నా, తలుపు సందులకెల్లి వస్తుంది వాసన. లోపట అక్కకు ఏం కాదా?"

"అలవాటేనమ్మా. ఘాటుంటెనే మురికి పోతది."

మరియ తలుపు తీసుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సూడు బిడ్డా, అండ్ల నీ మొకం కనవడ్తది," అంది. అరుణ గారు లోపలికి తొంగిచూసి, "అబ్బ, మస్తు తెల్లగైంది!" అని ఒక సెట్టు అనుకున్నది రెండు తీసుకుంది. ఒక యాసిడ్ సీసా, ఒక బ్లీచింగ్ పొట్లం కలిపితే సెట్టు. విడిగా అమ్మను. ఎలా వాడాలో మరియ చెప్పింది. ముందు పొడి, పైన యాసిడ్, తలుపు మూసి అయిదు నిమిషాలు.

బండి ఎక్కబోతూ మరియ సీటు పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. మైకులో ఆమె గొంతు అరుస్తూనే ఉంది.

"గామె ఎవరో గాని, మస్తు ఒర్రుతుంది," అంది నవ్వుతూ.

నవంబర్ 6

ఆరు. సాగర్ రోడ్డు మీద టిప్పర్ల దుమ్ము. ఆ దుమ్ముకు ఎవరికైనా దగ్గు వస్తుంది.

నవంబర్ 10, ఆదివారం

మనోజ వచ్చింది. చెప్పులు విడవక ముందే అడిగింది.

"అమ్మా, గట్ల ఎగపోస్తున్నవేంది? ఎన్ని దినాల సంది?"

"నువ్వు కోర్సు జేస్తున్నవ్ అని ఇంట్ల అందరు నీకు పేషెంట్ల లెక్కనే కనవడ్తరు."

"ముచ్చట మార్వకు. బాపూ, దవాఖానకు తోల్కపోయినవా?"

సిరప్ తెచ్చానని చెప్పాను. ఏ సిరప్పో చూపించమంది. చూసి అల్మారా మీద పెట్టేసింది. సిటీలో ఛాతీ దవాఖాన ఉందని, గురువారం పెద్ద డాక్టరు చూస్తుందని చెప్పి, చీటీ మీద అడ్రసు రాసి నా జేబులో పెట్టింది. నా మీద నమ్మకం లేనట్టు జేబు పైన ఒకసారి తట్టింది.

నవంబర్ 14

బాత్రూంలు లేవు. దవాఖాన.

డాక్టరమ్మ మంచి మనిషే. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఒక యంత్రంలోకి ఊదమంది. మరియ మూడుసార్లు ఊదింది, మూడుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, ఈమె ఏం పని చేస్తుంది, బీడీలు చుడుతుందా, రోజూ ఏదైనా పొగలో ఉంటుందా, ఇంట్లో కట్టెల పొయ్యా అని అడిగింది.

"అవ్ మేడమ్. కట్టెల పొయ్యి," అన్నాను.

మరియ నన్ను చూసింది. తర్వాత డాక్టరమ్మను చూసి, "అవ్ మేడమ్, కట్టెల పొయ్యే," అంది.

మాకు గ్యాస్ వచ్చి పదిహేనేళ్లు.

ఎందుకు అన్నానో రాస్తాను. మా రేకుల షెడ్డుకు లైసెన్సు లేదు. సీసాల మీద పేరు లేదు, అవి జనం తాగి పడేసిన నీళ్ల సీసాలే. పెద్ద దవాఖాన, అంతా కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఒకసారి ఎక్కితే ఎక్కడెక్కడికి పోతుందో ఎవరికి తెలుసు? పైగా ఆమె పొగ గురించి అడిగింది. మా పనిలో పొగ లేదు. వాసనే.

పీల్చే పంపు ఒకటి రాసింది. చీటీ కింద అంతకుముందే రాసుకున్న ఏదో మాట మీద గీత కొట్టింది. పొయ్యి మానేయాలట.

బస్సు బొంగ్లూర్ గేటు దాటింది. మరియ కిటికీలోకి చూస్తూనే అంది:

"ఇగ పొయ్యి కూలగొట్టాల్నంటుంది మేడమ్. ముందుగాల ఒకటి కట్టరాదు, కూలగొట్టనీకి."

నవంబర్ 20

మూడు. పంపు పనిచేస్తోంది. రెండుసార్లు పీల్చి లోపలికి వెళ్తోంది.

నవంబర్ 27

జల్‌పల్లి వెళ్లి సరుకు తెచ్చాను. రామచంద్రయ్య అన్న పెద్దవాడైపోయాడు, అయినా క్యాన్లు తనే దొర్లిస్తాడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. ఏడో తరగతితో ఆగిన నేను క్యాన్ల మీది అక్షరాలు కూడబలుక్కుని మందుల పేర్లు నేర్చుకున్నది ఆయన షెడ్డులోనే.

"యోబూ, నీ భార్యకు ఒంట్ల బాగలేదంటగా?"

"సలి."

"సలికాలం పోయినంక ఏం జెప్తవ్?"

ఆయన బ్లీచింగ్ సంచి బండి ముందు, యాసిడ్ క్యాన్ బండి వెనక కట్టించాడు. ఎప్పుడూ అంతే. ఆయన దగ్గర యాసిడ్ ఒక షెడ్డు, బ్లీచింగ్ ఇంకో షెడ్డు, మధ్యలో రోడ్డు.

"గివి రెండు ఒక్క అర్రల గూడ వెట్టను నేను. ఎందుకో ఎర్కేనా నీకు?"

"ఎర్కేనే అన్నా."

మా ఇంట్లోనూ అంతే. యాసిడ్ షెడ్డులో, బ్లీచింగ్ మెట్ల కింద. ఆ విషయంలో నేను ఎప్పుడూ పొరపాటు చేయలేదు. నిల్వ పెట్టడం వేరు, వాడటం వేరు.

డిసెంబర్ 1, ఆదివారం

చర్చికి నేనొక్కణ్ణే వెళ్లాను.

మొదటి ఏడాది సంగతి గుర్తొచ్చింది, రాస్తున్నాను. హయత్‌నగర్‌లో ఒక ఇంట్లో మరియ తలుపు తీసిపెట్టి కడిగింది. హాల్లో ఉన్న ముసలాయన వాసన పడక గొడవ చేశాడు. కొడుకు మమ్మల్ని సీసాలతో సహా బయటికి పంపాడు. ఆ రోజే తలుపు మూసే నియమం పెట్టాను. ఆ తర్వాత ఒక్క ఇంట్లోనూ ఫిర్యాదు రాలేదు. వ్యాపారంలో తప్పు చేస్తూనే నేర్చుకోవాలి.

డిసెంబర్ 9

రెండు. మధ్యలో ఆపి ఇంటికి వచ్చాం.

డిసెంబర్ 12

ఒకటి.

డిసెంబర్ 23

క్రిస్మస్ ముందు చర్చి బాత్రూంలు కడగడం మరియ మొక్కులాగా చేస్తుంది. ఈసారి వద్దన్నాను. వద్దన్నాను అని రాస్తున్నాను గానీ, యాసిడ్ సీసా సంచిలో పెట్టి ఇచ్చింది నేనే.

పదకొండు గంటలకు పాస్టరు గారి భార్య కరుణ ఫోన్ చేసింది. అప్పటికే ఆటోలో ఎక్కించారు. నేను వెళ్లేసరికి మరియ పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. ఇక్కడి ప్రైవేటు దవాఖానలోనే ఆక్సిజన్ పెట్టారు.

కరుణ వరండాలో నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, పాట వినవడ్డది. సగం పాడి ఆపింది. ఇగ దర్వాజ కొడ్తే పలుకుత లేదు. మా ఆయన గడియ పలగ్గొట్టిండు."

"అవ్ వదినె."

"అది కాదన్నా. చర్చిల ఎవ్వరు లేరు. గంత ఘాటు పెట్టుకోని లోపట్నుంచి గడియ ఎందుకేసుకుంది? ఎవ్వరికి పోవద్దని?"

"అలవాటు," అన్నాను.

డ్యూటీ డాక్టరుకు కాలు జారి పడిందని చెప్పాను.

డిసెంబర్ 25

క్రిస్మస్. ఆక్సిజన్, నిమిషానికి రెండు లీటర్లు. మనోజ పక్కనే ఉంది. నాతో మాట్లాడటం లేదు. కారణం ఆమెకు తెలియదు, అయినా మాట్లాడటం లేదు.

జనవరి 2

ఇంటికి తెచ్చాం.

జనవరి 4

మంగల్‌పల్లి దగ్గర మగపిల్లల హాస్టల్ చూసుకునే హన్మంత్ ఫోన్ చేశాడు. ఇరవై రెండు బాత్రూంలు. సెలవుల తర్వాత పిల్లలు వచ్చారు, యజమాని వస్తున్నాడు, ఒకటి కడిగి చూపిస్తే ఏడాదంతా సరుకు మా దగ్గరే తీసుకుంటాడట.

పక్కింటి మైసమ్మ గుర్తొచ్చింది. భర్త లేడు, పని వెతుక్కుంటోంది. నలభై కూడా దాటలేదు. గట్టి మనిషి.

అన్నం పెట్టుకుంటూ ఆ మాట అన్నాను. మంచం మీద నుంచి మరియ తల ఎత్తింది.

"మైసక్కను పంపకు."

"ఎందుకు? ఒక్కటే బాత్రూం."

"పంపకు."

"మరి నువ్వు ఇన్నేండ్లు పోయినవ్ గద."

ఆమె గోడ వైపు తిరిగింది. వీపు ఎగిరి పడుతోంది. చొక్కా ఆరేసిన తీగ గాలికి ఊగినట్టు, ఆగకుండా.

మగపిల్లల హాస్టలే కదా. నేనే పోతాను. ఈ ఆలోచన ఇంతకుముందు ఎందుకు రాలేదు? హాస్టళ్లలోనైనా నేను పోవచ్చుగా, తొమ్మిదేళ్లలో ఎప్పుడైనా.

జనవరి 7

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

హాస్టల్ రెండో అంతస్తు, చివరి బాత్రూం. పైన చిన్న గాలి కిటికీ, దానికి అట్ట కొట్టి ఉంది. మరియ చేసేదంతా నాకు తెలుసు. ఎన్నోసార్లు బయటి నుంచి విన్నాను. బ్లీచింగ్ చల్లాను, మగ్గుతో యాసిడ్ పోశాను, గడియ పెట్టాను, బ్రష్ తీసుకుని కూర్చున్నాను. రుద్దాలంటే కింద కూర్చోవాలి. అది నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

బుసబుస మంది. పసుపుపచ్చ పొగ వచ్చింది. పొగ లేదని నేను నవంబర్‌లో రాశాను. ఉంది. పైకి లేవదు, నేల మీదే పాకుతుంది, కూర్చున్న మనిషి ముఖం ఉండేంత ఎత్తులో. నాకు లెక్కపెట్టే అలవాటు గనుక ఒకటి నుంచి మొదలుపెట్టాను. పది దగ్గర కళ్లు మూసుకుపోయాయి. ఇరవై దగ్గర గొంతులో ఎవరో పిడికిలి పెట్టినట్టయింది. గాలి కోసం నోరు తెరిస్తే ఇంకా అదే లోపలికి పోయింది. ముప్పై నాలుగు దగ్గర గడియ కోసం తడిమాను. దొరకలేదు. మళ్లీ తడిమాను.

బయట నేల మీద పడి ఉన్నాను. హన్మంత్ నీళ్లు తెచ్చాడు. నవ్వుతున్నాడు, చెడ్డవాడై కాదు.

"ఏందన్నా, నీ మందు నీకే పడలేదా? మల్ల అక్క ఎట్ల జేసేది? పోయిన ఏడు లోపట పాట పాడుకుంట కడిగింది. మా పోరగాండ్లు బైట నిలబడి విన్నరు."

అయిదు నిమిషాలంటే మూడు వందలు లెక్కపెట్టాలి. నేను ముప్పై నాలుగు లెక్కపెట్టాను.

సరుకు దింపకుండా వచ్చేశాను. బండి మీద మైకు ఆపడం మరిచిపోయాను. ఇల్లు చేరేదాకా నా వెనక ఆమె గొంతు.

జనవరి 8

పొద్దున జావ తాగించి అడిగాను.

"లోపట పాట ఎందుకు పాడుతుంటివి?"

"అయిదు నిమిషాలంటివి గద. నాకాడ గడియారం ఉన్నదా? చర్చిల పాడే గా పాట నాలుగు చరణాలు అయితే సరిగ్గ అయిదు నిమిషాలు."

కాసేపు ఊపిరి తీసుకుంది.

"మొదట్ల నాలుగు వాడుతుంటి. రెండేండ్ల సంది మూడే. మొన్న చర్చిల రెండు గూడ కాలె."

"తలుపు తీసి బైటికి రావచ్చు గద."

"నువ్వే వద్దంటివి."

కోపంగా అనలేదు. ఏ ఇంట్లో గేటు ఎటుందో చెప్పినట్టు చెప్పింది.

డిసెంబర్ 1న రాసింది మళ్లీ చదివాను. అది తప్పు. హయత్‌నగర్ ముసలాయన గొడవ చేయలేదు. దగ్గాడు. తలుపు అవతల, పదిహేను అడుగుల దూరంలో కూర్చుని ఉన్న మనిషి, గోడ పట్టుకుని వంగిపోయి దగ్గాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ ఘాటు మనిషిని ఏం చేస్తుందో ఆ రోజే చూశాను. చూసి, తలుపు మూయించాను. ఆమెను లోపల ఉంచి.

జనవరి 9

పొద్దున్నే అరుణ గారి ఇంటికి వెళ్లాను. మైకు లేకుండా.

"అమ్మా, రెండు కలిపి పోయొద్దు. యాసిడ్ ఒక్కటి గూడ పొయ్యొద్దు, బ్లీచింగ్ దాని దగ్గర పెట్టొద్దు. సబ్బు పొడేసి రుద్దుండ్రి, దర్వాజ తెరిచి పెట్టుండ్రి."

ఆమె నవ్వింది. "గదేందన్నా? నువ్వే చెప్తివి, నువ్వే వద్దంటున్నవ్. కొత్త మందు ఏమన్న తెచ్చినవా?"

"లేదమ్మా. అది ఊపిరితిత్తులను తింటది."

"మేము రెండు నెలల సంది గట్లనే కడుగుతున్నం గద. పనామెకు చెప్పిన, తలుపేసుకోని కడుగు అని. మా అత్తమ్మకు ఘాటు పడది." అని ఆగింది. "పనామె దగ్గుతుందనుకో. గామె ఎప్పుడు ఏదో ఒకటి అంటనే ఉంటది."

పనామె ఎక్కడుంటుందని అడిగాను. ఉప్పరిగూడ వైపు అంది, ఇల్లు తెలియదంది. నా సెట్లు అయిపోతే ఇప్పుడు ఇంకో బండి అతను ఇస్తున్నాడట. అతనితో పాటు భార్య కూడా వస్తుందట, మంచిగా కడిగి చూపిస్తుందట.

మధ్యాహ్నం దాకా పదకొండు ఇళ్లు తిరిగాను. ఇద్దరు విన్నారు. ఒకామె పోయిన నెల తీసుకున్న సెట్టు తిరిగి తీసుకోమంది. మిగతా వాళ్లు నాకేదో అయిందనుకున్నారు. చివరి ఇంట్లో ఒకతను, "గిప్పుడు చెప్తున్నవ్, అమ్మేటప్పుడు నోట్ల ఏం పెట్టుకున్నవ్?" అన్నాడు. పదకొండు ఇళ్లలో సరిగ్గా మాట్లాడింది అతనొక్కడే.

జనవరి 12, ఆదివారం

మనోజకు చెప్పాను. కూర్చోబెట్టి, మొదటి నుంచీ. కట్టెల పొయ్యి సంగతి కూడా.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గోడకు ఆనుకుని, కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది, చిన్నప్పటిలాగా.

"గా రెండు కలిస్తే ఏం గ్యాసొస్తదో మా ఫస్టియర్ పుస్తకంల ఉన్నది బాపూ. పరీక్షల రాసిన. మార్కులు గూడ వచ్చినయ్. నేను మీ సంచులు ఎన్నిమాట్ల మోసిన, చెప్పు? అది మన ఇంటి సంగతి అని ఒక్కనాడు అనుకోలే."

"నువ్వు చిన్నపిల్లవు."

"నువ్వు చిన్నపిల్లగానివి గాదు గద," అంది.

తర్వాత లేచి షెడ్డులోకి వెళ్లింది. నేనూ వెళ్లాను. గాలి కిటికీలు తెరిచింది. ఏది ఎక్కడ వదిలించాలో రామచంద్రయ్య అన్నకు ఫోన్ చేసి అడగమంది. చెరువులో పోస్తావేమో, పోయకు అంది. నన్ను అంత నమ్ముతోంది నా బిడ్డ.

జనవరి 16

దవాఖాన. ముగ్గురం.

అదే డాక్టరమ్మ, అదే యంత్రం. నవంబర్ కంటే తక్కువ ఊదింది మరియ. డాక్టరమ్మ కాగితం చూస్తూ, "పొయ్యి మానేశారా?" అంది.

"మేడమ్, పొయ్యి కాదు," అన్నాను.

చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె పెన్ను పక్కన పెట్టి విన్నది. అంతా అయ్యాక, మొదటిసారి వచ్చినప్పుడే ఇది ఎందుకు చెప్పలేదని అడిగింది. లైసెన్సు అన్న మాట నోటి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.

పాత చీటీ తీసి కింద కొట్టేసిన మాటను చూపించింది. ఆ రోజు ఆమెకు అనుమానం వచ్చి 'రసాయనాలు?' అని రాసిందట. మేమిద్దరం పొయ్యి అన్నాక కొట్టేసిందట.

"అప్పుడే చెప్పి ఉంటే ఆ రోజే పని మాన్పించేదాన్ని. డిసెంబర్ దాకా పోయేది కాదు," అంది. మెల్లగానే అంది.

ఇప్పుడు ఊపిరితిత్తుల్లో పాడైనదంతా తిరిగి రాదట. ఉన్నది కాపాడుకోవాలట. మెట్లు వద్దు, ఏ ఘాటూ వద్దు, అగర్‌బత్తీ కూడా వద్దు. ఇంట్లో ఎప్పుడూ ఆక్సిజన్ అందుబాటులో ఉండాలి.

చివరికి అడిగింది: "ఇట్లా ఎన్నిసార్లు చేసి ఉంటుంది? సుమారుగా చెప్పండి చాలు."

"సుమారు కాదు మేడమ్. లెక్క ఉంది," అన్నాను.

మనోజ తల పక్కకు తిప్పుకుంది.

జనవరి 18

కూడుతున్నాను.

జనవరి 19, ఆదివారం

తొమ్మిది పుస్తకాలు. రెండు రోజులు పట్టింది. రెండుసార్లు కూడాను, రెండుసార్లూ ఒకటే వచ్చింది.

6348.

ఒక్కొక్కటి అయిదు నిమిషాలు. మొత్తం ముప్పై ఒక్క వేల ఏడు వందల నలభై నిమిషాలు. రోజుల్లోకి మార్చి చూశాను. ఇరవై రెండు రోజులు, పగలూ రాత్రీ కలిపి. పిల్లలు పుడితే ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తారు. నేను నా భార్యను అంతకంటే ఒక రోజు ఎక్కువ గడియ వేసిన గదిలో ఉంచాను. ఒకేసారి ఉంచితే జనం పోలీసులను పిలిచేవాళ్లు. అయిదేసి నిమిషాలుగా ఉంచాను.

అంకె కింద రెండు గీతలు కొట్టాను. అలవాటు.

మరియ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకు గొట్టం. పుస్తకాలన్నీ నేల మీద పరుచుకుని ఉండటం పొద్దుటి నుంచీ చూస్తోంది. చేయి చాపింది. చివరి పుస్తకం ఇచ్చాను. అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు.

"ఆరు వేల మూడు వందల నలభై ఎనిమిది," అని చదివింది. "గిదేంది?"

"నువ్వు కడిగినయి."

వేలు అంకె మీద పెట్టి, ఒక్కొక్క అంకె మీదుగా జరిపింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తక్కువున్నది," అంది.

"లేదు. రెండుమాట్ల కూడిన."

"ఊకె కడిగినయి యాడ రాసినవ్?"

నాకు అర్థం కాలేదు.

"సరుకు అమ్మనీకి చూపెట్టినయే రాసినవ్ నువ్వు. చర్చిల తొమ్మిదేండ్లు కడిగిన. మన ఇంట్ల ప్రతి శనివారం. మీ అక్క ఇంట్ల పెండ్లికి. మైసక్క మొగడు సచ్చిననాడు ఆళ్ల ఇల్లు." ఊపిరి కోసం ఆగింది. "గవి గూడ తలుపేసుకోనే కడిగిన. గవి నేను కడగలేదా?"

నిజమే. అమ్మకం లేనివి నేను ఎప్పుడూ రాయలేదు. రాయాలని తోచలేదు.

కొత్త పేజీ తీశాను. ఎడమది కాదు, కుడిది. పైన తేదీ వేశాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను, ఆమె బాత్రూంలలో కూర్చున్నంత ఎత్తులో.

"చెప్పు," అన్నాను.

"చర్చి," అంది. ఊపిరి తీసుకుంది. "ఒక్కొక్క ఏడు మూడు బాత్రూంలు."

రాశాను.

"మీ అక్కోళ్ల ఇల్లు." ఊపిరి తీసుకుంది. ఈసారి ఎక్కువసేపు పట్టింది. "రెండు."

రాశాను.

మూడో ఇంటి పేరు చెప్పడానికి నోరు తెరిచింది. పేరు ఇంకా రాలేదు. గొట్టంలో గాలి చప్పుడు వినిపిస్తోంది. నేను పెన్ను పట్టుకుని ఆగాను.